స్టెంట్ వేసిన తర్వాత: సంక్లిష్ట యాంజియోప్లాస్టీ ఫలితాలు ఏం చెబుతున్నాయి?

క్యాథ్‌ల్యాబ్ తలుపు తీసుకుని డాక్టరు బయటికి వస్తే బంధువులు ఎదురుచూసేది ఒక్క మాట కోసం: ‘సక్సెస్’. నాళం తెరుచుకుంది, రక్తం సాఫీగా పారుతోంది, రోగి మాట్లాడుతున్నాడు. కాబట్టి ఆ మాట నిజమే. అయితే అది ఆ పూటకు సంబంధించిన నిజం. ఏడాదికి, అయిదేళ్లకు, పదేళ్లకు ఆ మనిషి ఎలా ఉంటాడన్నది వేరే ప్రశ్న. ఒక నాళంలో ఒక చిన్న స్టెంట్ వేసినప్పుడు ఈ రెండింటికీ మధ్య దూరం తక్కువ. మూడు నాళాల్లో బ్లాకులున్నప్పుడు, గుండె ఎడమ వైపు ప్రధాన నాళమైన లెఫ్ట్ మెయిన్ మూసుకుపోతున్నప్పుడు, సున్నం పేరుకుని నాళం గట్టిపడ్డప్పుడు ఆ దూరం చాలా పెరుగుతుంది.

మన దగ్గర స్టెంట్ అనగానే వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది? ఇంపోర్టెడేనా?’ అని. కోరుకున్న బ్రాండు కోసం అప్పు చేసే కుటుంబాలున్నాయి. నాకు దొరికిన ఆధారాలు మాత్రం వేరే వైపు చూపిస్తున్నాయి. ఇప్పటి తరం మంచి స్టెంట్ల మధ్య తేడా స్వల్పం. స్టెంట్ ఎవరికి వేశారు, లోపల అది ఎంత బాగా విచ్చుకుంది, తర్వాత మందులు ఎలా సాగాయి అన్నవే ఫలితాన్ని ఎక్కువగా మారుస్తున్నాయి. సూరత్‌లో తయారయ్యే సుప్రాఫ్లెక్స్ స్టెంట్‌ను, ప్రపంచమంతా ప్రమాణంగా చూసే జైన్స్ స్టెంట్‌తో యూరప్‌లోని 23 కేంద్రాల్లో 1,435 మందిపై పోల్చారు. దాని పేరు టాలెంట్ ప్రయోగం, 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఏడాదికి స్టెంట్‌తో ముడిపడిన ఇబ్బందులు మన స్టెంట్‌లో 4.9 శాతం, జైన్స్‌లో 5.3 శాతం. మన స్టెంటు ఏమాత్రం తీసిపోలేదు. అందుకే ఈ వ్యాసంలో బ్రాండ్ల జోలికి ఇంతకుమించి వెళ్లడం లేదు.

సంక్లిష్టం అంటే ఏది?

ఈ మాటను డాక్టర్లు కూడా వదులుగా వాడతారు. 2016లో జస్టినో బృందం ఆరు ప్రయోగాల్లోని 9,577 మంది రోగుల వివరాలు కలిపి చూస్తూ ఒక నిర్వచనం ఇచ్చింది. మూడు నాళాలకూ చికిత్స చేయడం, మూడు లేదా అంతకు మించి స్టెంట్లు వేయడం, మూడు లేదా అంతకు మించి బ్లాకులను సరిచేయడం, నాళం చీలే చోట రెండు స్టెంట్లు పెట్టడం, మొత్తం స్టెంట్ల పొడవు 60 మిల్లీమీటర్లు దాటడం, ఎప్పటి నుంచో పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని తెరవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సంక్లిష్టమే. ఆ లెక్కన 1,680 మంది, అంటే 17.5 శాతం ఈ కోవలోకి వచ్చారు. మామూలు కేసులతో పోలిస్తే వీరికి గుండెకు సంబంధించిన పెద్ద ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది.

ఈ నిర్వచనంలో లెఫ్ట్ మెయిన్ లేదు, నాళంలో సున్నం పేరుకోవడమూ లేదు. క్యాథ్‌ల్యాబ్‌లో చేయి తిరిగిన వారిని అడిగితే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఆ రెండేనంటారు. కాబట్టి ఒక ఆసుపత్రి ‘మా కాంప్లెక్స్ కేసుల ఫలితాలు ఇవీ’ అని చెప్పినప్పుడు, ముందుగా వారి లెక్కలో ఎవరున్నారో అడగడం అవసరం.

బైపాసా, స్టెంటా?

ఈ రంగంలో ఇప్పటికీ అందరూ వెనక్కి తిరిగి చూసే ప్రయోగం సింటాక్స్. 2005 నుంచి 2007 వరకు యూరప్, అమెరికాల్లో మూడు నాళాల జబ్బు గాని, లెఫ్ట్ మెయిన్ జబ్బు గాని ఉన్న 1,800 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి సగం మందికి బైపాస్, సగం మందికి స్టెంట్లు కేటాయించారు. మరణం, పక్షవాతం, గుండెపోటు, మళ్లీ చికిత్స అవసరం కావడం, ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఏడాదికి స్టెంట్ వర్గంలో 17.8 శాతం, బైపాస్ వర్గంలో 12.4 శాతం. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే ఎక్కువ: 2.2 శాతం, స్టెంట్ వర్గంలో 0.6 శాతం. అయిదేళ్లు గడిచేసరికి మొత్తం తేడా ఇంకా పెరిగింది, 37.3 శాతానికి 26.9 శాతం.

సగటు అంకె దగ్గరే ఆగితే అసలు విషయం దాటిపోతుంది. బ్లాకులు ఎన్ని, ఎక్కడ, ఎలాంటివి అని యాంజియోగ్రాం చూసి వేసే మార్కులే సింటాక్స్ స్కోరు. ఆ స్కోరు 22 లోపు ఉన్నవారిలో అయిదేళ్ల తేడా (32.1కి 28.6) గణాంకపరంగా నిలబడలేదు. 33 గాని ఆపైన గాని ఉన్నవారిలో అదే తేడా 44.0 శాతానికి 26.8 శాతం అయింది. నూరుమందిలో పదిహేడు మంది తేడా ఇది. ఒకే జబ్బు పేరు, ఒకే చికిత్స, అయినా నాళాల పరిస్థితిని బట్టి ఫలితం ఇంతగా మారిపోయింది.

2019లో వెలువడిన పదేళ్ల లెక్క కేవలం మరణాలను చూసింది. మొత్తం మీద స్టెంట్ వర్గంలో 27 శాతం, బైపాస్ వర్గంలో 24 శాతం మరణించారు. ఈ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. విడివిడిగా చూస్తే మూడు నాళాల జబ్బులో 28కి 21, లెఫ్ట్ మెయిన్ జబ్బులో 26కి 28. మూడు నాళాలవారికి బైపాస్ మేలని, లెఫ్ట్ మెయిన్ వారికి రెండూ సమానమని దీని నుంచి చాలామంది తీర్పు చెప్పేశారు. నేను అంత దూరం వెళ్లను. మొత్తం ఫలితం తేలనప్పుడు ఉపవర్గాల అంకెలు ఒక సూచనగా మాత్రమే పనికొస్తాయి. పైగా ఆ రోజుల్లో వాడిన ప్యాక్లిటాక్సెల్ పూత స్టెంట్ ఇప్పుడు వాడుకలో లేదు.

‘పాత స్టెంట్ కాబట్టి ఆ ఫలితం చెల్లదు’ అనే వాదన తరచూ వినిపిస్తుంది. దానికి కొంత జవాబు ఫేమ్ 3 ప్రయోగం ఇచ్చింది. కొత్త తరం స్టెంట్లు వాడారు, నాళంలో పీడనం కొలిచి అవసరమైన చోటే వేశారు. అయినా 1,500 మంది మూడు నాళాల రోగుల్లో ఏడాదికి స్టెంట్ వైపు 10.6 శాతం, బైపాస్ వైపు 6.9 శాతం ఇబ్బందులు కనిపించాయి. అంతరం తగ్గింది కాని చెరిగిపోలేదు. ఏడాది తర్వాతి సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 19 ప్రయోగాల్లోని 25,032 మందిని కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో, ఏ రకం స్టెంట్ అయినా మొదటి ఏడాది తర్వాత ఏటా సుమారు 2 శాతం మందికి స్టెంట్‌తో ముడిపడిన ఇబ్బంది వస్తూనే ఉంది.

షుగర్ ఉన్నవారి విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు ఇళ్లలో గుండె జబ్బు, షుగర్ తరచూ ఒకే మనిషిని పట్టుకుంటాయి. 2012లో వచ్చిన ఫ్రీడమ్ ప్రయోగం ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్న 1,900 మంది మధుమేహ రోగులను తీసుకుంది. అయిదేళ్లకు స్టెంట్ వర్గంలో 16.3 శాతం, బైపాస్ వర్గంలో 10.9 శాతం మంది మరణించారు. గుండెపోట్లు 13.9కి 6.0. పక్షవాతం 2.4కి 5.2. ఇక్కడ కూడా స్టెంట్లు పాత తరానివే. కాని మరణాల్లో నూటికి అయిదుగురి తేడాను స్టెంట్ డిజైన్ ఒక్కటే పూర్తిగా పూడుస్తుందని చూపిన ప్రయోగం ఇంకా రాలేదు. షుగర్‌తో పాటు మూడు నాళాల జబ్బున్న మనిషికి, సర్జరీ తట్టుకోగల స్థితిలో ఉంటే, బైపాస్ గురించి సర్జన్‌తో మాట్లాడించకుండానే స్టెంట్లు వేయడం సరికాదు. ఈ వ్యాసంలో నేను తడబాటు లేకుండా చెప్పగల మాట ఇది.

లెఫ్ట్ మెయిన్: నిపుణులే విడిపోయిన చోటు

గుండె ఎడమ భాగానికి అధిక భాగం రక్తం వెళ్లే మొదటి కాండం లెఫ్ట్ మెయిన్. దాని మీద 2016లో రెండు ప్రయోగాలు వచ్చాయి. 1,905 మందితో చేసిన ఎక్సెల్, మూడేళ్లకు స్టెంట్, బైపాస్ సమానమంది (15.4, 14.7 శాతం). 1,201 మందితో ఉత్తర యూరప్‌లో చేసిన నోబుల్, అయిదేళ్లకు బైపాస్ మేలంది (29కి 19 శాతం). ఎక్సెల్ అయిదేళ్ల లెక్క వచ్చాక మరణాలు 13.0కి 9.9 శాతమని తేలింది. దానితో వివాదం రాజుకుంది. ప్రొసీజర్ సమయంలో వచ్చే గుండెపోటును ఎలా నిర్వచించాలి అన్నదానిపై ప్రయోగం చేసినవారి మధ్యే భేదాలు బయటపడ్డాయి. యూరప్‌లోని గుండె సర్జన్ల సంఘం 2019 డిసెంబరులో మార్గదర్శకాల్లోని లెఫ్ట్ మెయిన్ సిఫారసులకు తన మద్దతు వెనక్కి తీసుకుంది.

తర్వాత సబటీన్ నాయకత్వంలో ఒక బృందం నాలుగు ప్రయోగాల్లోని 4,394 మంది వివరాలు కలిపి 2021లో ప్రచురించింది. అయిదేళ్ల మరణాలు స్టెంట్‌తో 11.2 శాతం, బైపాస్‌తో 10.2 శాతం. ఆ ఒక్క శాతం నిజమైన తేడానా కాదా అన్నది అంకెలు తేల్చలేదు. ప్రొసీజర్‌తో సంబంధం లేకుండా తర్వాత వచ్చిన గుండెపోటు 6.2కి 2.6, మళ్లీ నాళం తెరవాల్సి రావడం 18.3కి 10.7. ఈ రెండింటిలో సందేహం లేదు. కాబట్టి లెఫ్ట్ మెయిన్‌కు స్టెంట్ వేయించుకున్న మనిషికి చెప్పాల్సింది ఇది: ప్రాణం విషయంలో పెద్ద తేడా కనిపించలేదు, మళ్లీ ఆసుపత్రికి రావాల్సిన అవకాశం మాత్రం ఎక్కువ. ఛాతీ కోయించుకోవడం ఇష్టంలేని డెబ్భై ఏళ్ల మనిషికి ఇది మంచి బేరమే కావచ్చు, యాభై ఏళ్ల మనిషికి కాకపోవచ్చు.

లోపల కొలిచి వేయడం

యాంజియోగ్రాం మనకు చూపేది రంగు మందు నిండిన నాళపు నీడ మాత్రమే. గోడ మందం, సున్నం లోతు, స్టెంట్ తీగలు గోడకు ఆనుకున్నాయా లేదా అన్నవి ఆ నీడలో తెలియవు. సున్నం చుట్టూ కట్టిన నాళంలో బెలూన్ ఉబ్బిస్తే రెండు కొసలూ ఉబ్బి నడుము మాత్రం డమరుకంలా నొక్కుకుపోయి ఉంటుంది. దాని మీదే స్టెంట్ వేస్తే అది అక్కడే సగం విచ్చుకుని ఆగిపోతుంది. తెర మీద బొమ్మ బాగానే ఉండవచ్చు. నెలల తర్వాత రక్తం గడ్డకట్టేది, నాళం మళ్లీ మూసుకునేది అలాంటి చోటనే.

అందుకే సుమారు మిల్లీమీటరు మందం ఉన్న ఐవస్ (నాళం లోపలి అల్ట్రాసౌండ్) క్యాథటర్‌ను తీగ మీదుగా లోపలికి పంపి మెల్లగా వెనక్కి లాగుతారు. తెర మీద నాళం అడ్డకోత బూడిదరంగులో కనిపిస్తుంది. సున్నం తెల్లటి చాపం, దాని వెనక నల్లటి నీడ. స్టెంట్ తీగలు వరసగా మెరిసే చుక్కలు. ఆ చుక్కల వలయం వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. సియోల్‌లోని ఆసన్ మెడికల్ సెంటర్ 2011లో లెఫ్ట్ మెయిన్ కోసం ఇచ్చిన కొలతలు అందరికీ గుర్తుండేవి: దాని రెండు కొమ్మలైన సర్కమ్‌ఫ్లెక్స్ మొదట్లో 5, ఎల్‌ఏడీ మొదట్లో 6, అవి కలిసే చోట 7, లెఫ్ట్ మెయిన్‌లో 8. ఇవి కొరియన్ రోగుల నుంచి వచ్చిన అంకెలు. అందరికీ అచ్చంగా వర్తించాలని లేదు, కాని కొలవాలన్న క్రమశిక్షణను ఇవి నేర్పాయి.

ఈ కొలత వల్ల రోగికి మేలు జరుగుతుందా? రెనొవేట్ కాంప్లెక్స్ పీసీఐ ప్రయోగం కొరియాలోని 20 కేంద్రాల్లో 1,639 మంది సంక్లిష్ట రోగులపై జరిగింది. గుండె సంబంధ మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, ఆ నాళాన్ని మళ్లీ తెరవడం కలిపి చూస్తే, లోపల చూసి వేసినవారిలో 7.7 శాతం, యాంజియోగ్రాం మాత్రమే చూసి వేసినవారిలో 12.3 శాతం. సుమారు 22 మందికి ఇలా చేస్తే ఒకరికి పెద్ద ఇబ్బంది తప్పిందని అర్థం. చీలిక దగ్గరి బ్లాకులపై యూరప్‌లో ఓసీటీతో (కాంతితో నాళం లోపల చూసే పద్ధతితో) జరిగిన అక్టోబర్ ప్రయోగం కూడా అదే దారిలో వెళ్లింది: రెండేళ్లకు 10.1కి 14.1. మరోవైపు 2,487 మందితో చేసిన ఇల్యూమియన్ 4లో ఓసీటీ వల్ల స్టెంట్ వైశాల్యం పెరిగింది, రక్తం గడ్డకట్టడం తక్కువగా కనిపించింది, కాని ప్రధాన ఫలితంలో (7.4కి 8.2) తేడా నిలబడలేదు. ఈ ప్రయోగాల్లో డాక్టరుకు తాను ఏ వర్గంలో పనిచేస్తున్నదీ తెలుసు, దాని ప్రభావాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా ఆధారాలన్నీ కలిపి చూసి యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2024లో సంక్లిష్ట బ్లాకులకు, ముఖ్యంగా లెఫ్ట్ మెయిన్, నిజమైన చీలిక, పొడవాటి బ్లాకులకు, దీన్ని మొదటి తరగతి సిఫారసు చేసింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

పరికరం ఖరీదైనదైతే ఫలితం బాగుంటుందని మాత్రం అనుకోకూడదు. సున్నాన్ని అరగదీసే ఆర్బిటల్ పరికరాన్ని మామూలు బెలూన్‌తో పోల్చిన ఎక్లిప్స్ ప్రయోగంలో, 2,005 మందిలో ఏడాదికి వైఫల్యాలు 11.5కి 10.0 శాతం. పరికరం వల్ల మేలేమీ కనిపించలేదు. బెలూన్‌కు లొంగని నాళంలో అలాంటి పరికరాలు అవసరమే. లొంగే నాళంలో కూడా వాడితే మిగిలేది ఖర్చే.

ఎప్పటి నుంచో పూర్తిగా మూసుకుపోయిన నాళాలను తెరిచే విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. యూరో సీటీఓ ప్రయోగంలో ఛాతీ నొప్పి తగ్గింది, డెసిషన్ సీటీఓలో మరణం, గుండెపోటు లాంటివి తగ్గలేదు. అమెరికాలో చేయి తిరిగిన నిపుణుల ఓపెన్ సీటీఓ రిజిస్ట్రీలో 86 శాతం నాళాలు తెరుచుకున్నాయి, 4.8 శాతం మందిలో చికిత్స అవసరమైనంతగా నాళానికి రంధ్రం పడింది. మందులు వాడినా నొప్పి తగ్గని మనిషికి ఇది తగిన సాహసం, నొప్పి లేని మనిషికి కాదు. గుండె బలహీనపడి పంపింగ్ 35 శాతం లేదా అంతకు తక్కువ ఉన్న 700 మందిపై బ్రిటన్‌లో జరిగిన రివైవ్డ్ ప్రయోగంలోనూ స్టెంట్లు వేసినవారికి, మందులతోనే ఉంచినవారికి మధ్య మరణం, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం కలిపిన లెక్క దాదాపు ఒకటే (37.2, 38.0).

ఇంటికి వెళ్లాక

డిశ్చార్జి రోజు చేతికిచ్చే చీటీలో రెండు మాత్రలుంటాయి: ఆస్పిరిన్, దానితో క్లోపిడోగ్రెల్ గాని టికాగ్రెలార్ గాని. ఇవి స్టెంట్ మీద రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. పల్లెకు వెళ్లిన పది రోజులకు పన్ను నొప్పి వస్తుంది. పన్ను తీయాలంటే ‘రక్తం పలచన చేసే మాత్రలు ఆపి రండి’ అంటారు. ఎవరినీ అడగకుండా రెండూ ఆపేస్తారు. చాలా సందర్భాల్లో మాత్రలు ఆపకుండానే పన్ను తీయవచ్చని మార్గదర్శకాలు చెబుతున్న సంగతి ఆ ఇంటికి చేరదు.

ప్యారిస్ అనే రిజిస్ట్రీ 5 వేల మందికి పైగా స్టెంట్ రోగులను రెండేళ్లు గమనించింది. రక్తస్రావం వల్లగాని, నిర్లక్ష్యం వల్లగాని మాత్రలు హఠాత్తుగా ఆగిపోయినవారికి మొదటి ఏడు రోజుల్లో ముప్పు ఏడు రెట్లు, 8 నుంచి 30 రోజుల మధ్య రెండు రెట్లకు పైగా పెరిగింది. డాక్టరు సలహాతో ఆపినవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. ఇది లాటరీ ప్రయోగం కాదు. రక్తస్రావమై మాత్రలు ఆపిన మనిషి అప్పటికే బలహీనుడై ఉండవచ్చు, ముప్పులో కొంత భాగం దానిది కావచ్చు. పైగా మొత్తం గుండె సంబంధ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మాత్రలు వాడుతున్నవారిలోనే వచ్చాయి.

అలాగని ఎక్కువ కాలం రెండు మాత్రలు వాడితే ఎక్కువ రక్షణ అనీ కాదు. సంక్లిష్ట కేసుల్లో ఎక్కువ కాలం రెండూ వాడటం మేలని జస్టినో విశ్లేషణ సూచించింది, రక్తస్రావం మూల్యంగా. ఆ తర్వాత ట్విలైట్ ప్రయోగంలోని 2,342 మంది సంక్లిష్ట రోగులను విడిగా చూశారు. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక ఆస్పిరిన్ ఆపి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగించినవారిలో రక్తస్రావం 4.2 శాతం, రెండూ కొనసాగించినవారిలో 7.7 శాతం. మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి 3.8కి 4.9, అంటే పెరగలేదు. మొదటి మూడు నెలలు ఇబ్బంది పడినవారు ఈ లెక్కలో లేరని గుర్తుంచుకోవాలి. మాత్ర ఆపడం, మార్చడం స్టెంట్ వేసిన డాక్టరు చేతిలో ఉండాలి. పక్కింటివారి అనుభవాన్ని బట్టి అది జరగకూడదు.

లెక్క రాసేవాళ్లు కావాలి

పైన చెప్పిన అంకెల్లో అధిక భాగం యూరప్, అమెరికా, కొరియాలవి. స్వీడన్‌లో యాంజియోప్లాస్టీ జరిగిన ప్రతి మనిషి వివరమూ జాతీయ రిజిస్ట్రీలో చేరుతుంది, పౌరుల గుర్తింపు సంఖ్య ఆధారంగా మరణాల నమోదుతో దాన్ని కలుపుతారు. మందు పూత స్టెంట్లు వేసినవారిలో మూడేళ్లకు మరణాలు 18 శాతం ఎక్కువగా ఉన్నాయని 19,771 మంది లెక్కతో 2007లో హెచ్చరించింది ఆ రిజిస్ట్రీనే. ఇంకా ఎక్కువమందిని, ఎక్కువ కాలం చూశాక ఆ తేడా నిలబడలేదని 2009లో సరిదిద్దిందీ అదే. ఒక దేశం తన లెక్కను తానే పరీక్షించుకుని దిద్దుకోగలగడం నాకు ఎంతో విలువైన సంగతిగా కనిపిస్తుంది.

మన దగ్గర 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు పరిమితం చేసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల అంతకుముందు ఊహకందని చికిత్స పేదల దాకా వచ్చింది. ఇక రావాల్సింది ఫలితాల లెక్క. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగే ప్రతి స్టెంట్ కేసుకూ ముందస్తు అనుమతి కోసం, బిల్లు కోసం కాగితాలు ఆన్‌లైన్‌లో చేరతాయి. అదే నమోదుకు నాలుగు వివరాలు జతచేయాలని రెండు ప్రభుత్వాలకూ మనవి: సింటాక్స్ స్కోరు ఎంత, సర్జన్ అభిప్రాయం తీసుకున్నారా, లోపల కొలిచి వేశారా, ఏడాది తర్వాత ఫోన్ చేస్తే ఆ మనిషి ఎలా ఉన్నాడు. స్టెంట్ వేయించుకున్న ఇంటివారు కూడా డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రాం సీడీ, స్టెంట్ కార్డు ఒకే కవరులో దాచి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పన్ను డాక్టరు దగ్గరికైనా సరే, వెంట తీసుకెళ్లండి.